గోడ కట్టని డిస్కు

కంప్యూటర్‌కు లినక్స్ ఎక్కించే ముందు డిస్కును ఎన్ని భాగాలు చేయాలని ఎవరైనా అడిగితే నేను ఒకటే మాట చెబుతాను. కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్‌కు ఒక భాగం, మీ ఫైళ్ళకు ఇంకో భాగం, మధ్యలో గోడ. ఎందుకని అడిగితే విసుక్కుంటాను. ధర్మవరంలో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి, నా విసుగు ఊరికి అలవాటే కాబట్టి రెండోసారి ఎవరూ అడగరు. అడగకపోవడం నాకూ మేలే. చెప్పడం మొదలుపెడితే ఒక ఇంటి గురించి చెప్పాల్సి వస్తుంది. ఆ ఒక్క ఇంట్లో నేను గోడ కట్టలేదు.

అది పట్టుచీరలకు డిజైన్లు వేసే ఒక పెద్దాయన ఇల్లు. డిజైన్ వేయడమంటే గడుల కాగితం మీద ఒక్కో గడినీ రంగుతో నింపడం. ఒక చిలక రావాలంటే వందల గడులు నింపాలి, ఒక కొంగు పూర్తి కావాలంటే నెలలు కూర్చోవాలి. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితే చీరలో చిలక వస్తుంది. ఆయన పదిహేనేళ్ళ వయసులో గడులు నింపడం మొదలుపెట్టాడట. నేను ఎరిగేనాటికి డెబ్బై దగ్గర పడ్డాడు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, కుడిచెయ్యి సన్నగా వణికేది. ఆయన పనిని కూతురు అందుకుంది. పక్క వీధిలోనే కాపురం, పొద్దున్నే వచ్చి తండ్రి పక్కన కూర్చునేది. నేను ఆయన్ను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ఎప్పుడూ "ఏమప్పా" అనేవాడు, నా పేరు ఆయనకు గుర్తుండేదో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ అమ్మాయి ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని డిజైన్లు దాంట్లో వేయడం నేర్చుకుంది. తెర మీద ఒక్కో చుక్క ఒక్కో గడి. అట్టలు కొట్టే అంగడికి పెన్‌డ్రైవ్‌లో ఫైల్ ఇచ్చేది, అక్కడినుంచి ఆ పెన్‌డ్రైవ్ వైరస్ మోసుకొచ్చేది. మూడోసారి వైరస్ పట్టినప్పుడు నన్ను పిలిచారు. "దీనికి నెలకొక జ్వరం వస్తాండాది, మందు మార్చప్పా" అన్నాడు పెద్దాయన. పాత డిస్కు తీసేసి కొత్తరకం వేగమైన డిస్కు బిగించాను. విండోస్ వద్దు, లినక్స్ ఎక్కిస్తాను, బొమ్మలు వేసే ఉచిత ప్రోగ్రామ్ దాంట్లోనే ఉంది, వైరస్ బాధ తీరుతుంది అన్నాను. అంతవరకూ నేను చేసిందంతా సరైనదే.

ఎక్కించేటప్పుడు ఒక చోట అది ఆగి అడుగుతుంది, డిస్కును ఎలా పంచాలని. ఏ కంప్యూటర్‌కైనా నేను అక్కడ అర నిమిషం కూడా ఆగను. సిస్టమ్‌కు ఇంత, ఫైళ్ళు ఉండే హోమ్‌కు ఇంత అని రాసి ముందుకు పోతాను. రేపు సిస్టమ్ చెడి మళ్ళీ ఎక్కించాల్సి వస్తే దాని గది మాత్రం ఊడ్చి, హోమ్ గది తలుపు తీయకుండా పని ముగించవచ్చు. ఆ గోడ ఉండేది అందుకే. దానికీ ఒక కష్టం ఉంది. ఒక గది నిండిపోయి రెండో గది ఖాళీగా పడివున్నా, ఇటు చోటు అటుకు పనికిరాదు. మళ్ళీ గోడ పగలగొట్టి కట్టుకోవాలి. ఆ రోజు డిస్కు చిన్నది, వాళ్ళ డిజైన్లు పెద్దవి, ఎంత పెరుగుతాయో తెలియదు. అందుకని ఆ తెర ముందు కూర్చుండిపోయాను.

"ఇంతసేపు ఏం చూస్తాండావప్పా?" అన్నాడు ఆయన.

"ఎన్ని భాగాలు చేయల్లనా అని ఆలోచిస్తాండా పెద్దనాయనా."

"భాగాలా? ఈడ ఉండేదే నేనూ నా బిడ్డ. ఎవురికి పంచుతావు?"

నవ్వాను. సంగతి వివరించాను. ఓపిగ్గా విని, "నాకేం తెలుసప్పా. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిర్ణయం పూర్తిగా నా చేతిలో పెట్టాడు, నేను ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

మాది బెళుగుప్ప పక్క పల్లె. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాయన, చిన్నాయన భాగాలు పంచుకున్నారు. మా పక్క పంపకమంటే ఎవరికీ అన్యాయం జరగకూడదని ప్రతి చేనునూ రెండుగా చీలుస్తారు. నల్లరేగడిలో సగం, ఎర్రనేలలో సగం, రాళ్ళచేలో సగం. చివరికి ఎద్దులు మళ్ళడానికి కూడా చోటు చాలని పట్టెలు మిగులుతాయి. బోరు చిన్నాయన వైపు పడింది. రెండు వానలు మోసం చేసిన ఏడాది మా పట్టెలో చెనిక్కాయ చెట్లు నిలువునా వాడిపోతుంటే, గట్టుకు అవతల నీళ్ళు పారుతుండేవి. మా నాయన ఆ గట్టు మీద కూర్చుని చూసేవాడు, అడిగేవాడు కాదు. ఇంటి నడవలో కూడా గోడ లేచింది. మా అవ్వ తన కంచం తీసుకుని ఒక నెల ఇటు, ఒక నెల అటు తిరిగేది. గోడ అంటే నాకు అప్పటినుంచే ఒళ్ళుమంట.

మిగతా గిరాకీల దగ్గర ఈ మంట ఎప్పుడూ గుర్తుకురాలేదు, ఎందుకంటే వాళ్ళు నాకేమీ కారు. ఇక్కడ ప్రేమ ఉంది, ప్రేమతో పాటు తెలివి కూడా ఎక్కువైంది. ఈ తండ్రీకూతుళ్ళ మధ్య గోడ ఎందుకు, ఉన్న చోటంతా వాళ్ళ డిజైన్లకే ఉండనీ అనుకున్నాను. కంప్యూటర్ లేవడానికి కాసింత, మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి కాసింత పక్కన పెట్టి, మిగిలిందంతా ఒకటే భాగం చేశాను. సిస్టమూ అందులోనే, ఫైళ్ళూ అందులోనే. చాలా మంచిపని చేసినవాడిలా కాఫీ తాగి ఇంటికి వెళ్ళాను.

ఆయన దగ్గర ఒక ఇనుప పెట్టె ఉండేది. యాభై ఏళ్ళుగా వేసిన కాగితాలన్నీ వేపాకుతో కలిపి అందులో పెట్టేవాడు. వేపాకు పాత బట్టలను కాపాడుతుందేమో కానీ చెదలు దాన్ని లెక్కచేయలేదు. పెట్టె అడుగున కొన్ని కాగితాలు జల్లెడై కనిపించేసరికి మిగిలినవాటిని స్కాన్ చేద్దామని ఆ అమ్మాయి పట్టుబట్టింది. ఆ ఎండాకాలమంతా అదే పని. కాగితాలు స్కానర్ కంటే పెద్దవి, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి తెర మీద అతికించాలి. పెద్దాయన పక్కన కూర్చుని ఏది ఎవరి పెళ్ళికి వేసిందో చెబుతుంటే ఆమె ఫైల్ పేరుగా రాసుకునేది. నేను వారానికి ఒకసారైనా వెళ్ళేవాణ్ణి. పని ఉండి కాదు, వినడానికి.

స్కాన్ అయిపోయాక ఆయన నన్ను అడిగాడు. "ఏమప్పా, ఈ కాగితాలు ఇంక పెట్టుకోవాల్నా?"

ఆయన ఎందుకడిగాడో చెప్పాలి. డిజైన్ బయటికి పోతే దానికి విలువ లేదని అక్కడి వాళ్ళకు బాగా తెలుసు. ఒకసారి ఎవరో వచ్చి కాగితం చూస్తున్నట్టే చూసి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ అంచు వీళ్ళు ఇచ్చిన మగ్గం దిగకముందే పక్క వీధి మగ్గాల మీద కనబడింది. అప్పటినుంచి ఆయన పెట్టె తాళంచెవి మొలతాడుకే కట్టుకునేవాడు. ఇంకో డిస్కులో నకలు పెట్టుకుందామని నేను అంటే, "నకలు పుట్టిందంటే బజారుకెక్కుతాదప్పా, వద్దు" అన్నాడు. ఒకసారి చెప్పాను, వద్దన్నాడు, ఊరుకున్నాను. ప్రతివాడి మీదా విసుక్కునేవాణ్ణి, ఆ ఒక్క రోజు గట్టిగా విసుక్కుని ఉంటే బాగుండేది.

కాగితాల మాట అడిగినప్పుడు మాత్రం ఠక్కున జవాబు చెప్పాను. "అన్నీ దీంట్లో భద్రంగా ఉండాయి పెద్దనాయనా. కాగితాలతో పనిలేదు."

ఆయన ఒక్కో కాగితాన్నీ తన చేత్తోనే నాలుగుగా చింపి, పట్టుకు రంగులు కాచే పొయ్యిలో వేశాడు. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక్కోదాన్ని వేసే ముందు కాసేపు చూసి వేసేవాడు. నేనేమో అట్టలు కొట్టే మిషన్ల గురించి ఏదో వాగుతూ కూర్చున్నాను.

రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. ఒక గాలిదుమారం రోజు, పొద్దున వెళ్ళి సిస్టమ్‌కు కొత్త వెర్షన్ ఎక్కేలా పెట్టి నా అంగడికి వచ్చాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మార్చాలని నేనే ఆరు నెలలుగా చెబుతున్నాను. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది, కంప్యూటర్ లేవడం లేదని. సగం ఎక్కిన సిస్టమ్ ఎటూ కాకుండా పోయింది. అప్పటికీ ఫైళ్ళకేమీ కాలేదు. వాటిని బయటికి తీసి, తర్వాత మళ్ళీ ఎక్కించి ఉంటే గంట పని.

వాళ్ళింటికి వెళ్ళి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఇంకో గిరాకీతో మాట్లాడుతూ పని మొదలుపెట్టాను. మళ్ళీ అదే తెర వచ్చింది. మూడు వరుసలు. నా చేతికింద నడిచే ప్రతి కంప్యూటర్‌లోనూ అక్కడ మూడు వరుసలే ఉంటాయి. లేవడానికి ఒకటి, సిస్టమ్‌కు ఒకటి, హోమ్‌కు ఒకటి. నా కన్ను మూడు అని లెక్కపెట్టుకుంది, మూడోది హోమ్ కాదు, మెమరీ కోసం పక్కన పెట్టిన ముక్క అని చదవలేదు. సిస్టమ్ వరుస పక్కన, తుడిచెయ్యమని చెప్పే ఫార్మాట్ అనే గడిలో టిక్కు పెట్టాను. ఎన్ని వందలసార్లో చేసిన పని. ఊళ్ళో ప్రతి కంప్యూటర్‌లో గోడ కట్టిన చెయ్యి, ఇక్కడ కూడా గోడ ఉందనే నమ్మింది. నిజంగా చెయ్యడమేనా అని అది ఒకసారి అడిగింది కూడా. అవునన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత తెర కొత్తగా, శుభ్రంగా వచ్చింది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని వెదికింది. "అన్నా, డిజైన్లు కనబడల్యా" అంది.

నాకు అప్పుడు అర్థమైంది.  కంప్యూటర్‌ను సంకన పెట్టుకుని, చూస్తానని అంగడికి తెచ్చేశాను. పాతరకం తిరిగే డిస్కయితే గీకి గీకి చాలావరకు వెనక్కు తీయవచ్చు. నేను మోజుపడి బిగించిన కొత్తరకం డిస్కుకు ఆ దయ లేదు. ఫార్మాట్ కొట్టిన క్షణంలోనే ఈ చోటంతా ఖాళీ అని దానికి కబురు పోతుంది, అది తుడిచి కూర్చుంటుంది. నాలుగు రోజులు నాకు తెలిసిన ప్రోగ్రామ్‌లన్నీ నడిపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒక్క అంచు కూడా దొరకలేదు.

అయిదో రోజు కంప్యూటర్ తిరిగి తీసుకెళ్ళాను. దారిపొడుగునా నిజమే చెప్పాలనుకున్నాను. గడప దాటేసరికి ఆయన లేచి ఎదురొచ్చాడు. నా నోట వచ్చిన మాట వేరు. "కరెంటు దెబ్బకు డిస్కు పోయింది పెద్దనాయనా" అన్నాను.

ఆయన మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కూతురితో, "ఆయప్ప మొగం చూడు, నాలుగు దినాలుగా తిన్నట్టు లేదు. అన్నం పెట్టు" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వేం చేస్తావప్పా. యంత్రం కదా" అన్నాడు. ఆ అన్నం తిన్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ కాగితం పట్టుకున్నాడు. గుర్తున్నవి వేద్దామని చూశాడు, కానీ చెయ్యి గడి దాటి పోయేది. చిల్లులు కొట్టిన పాత అట్టలు ఎప్పుడో పారేశారు, అందుకని కొత్త దారి పట్టాడు. తన డిజైన్‌తో నేసిన చీరలు ఏ ఊళ్ళో ఎవరి ఇంట్లో ఉన్నాయో కనుక్కుని, వెళ్ళి, బీరువాలోంచి తీయించి, అంచు మీద పలుచటి కాగితం పరిచి గీసుకోవడం. యాభై ఏళ్ళ పనిని ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవడమే అది. కొందరు చూపేవాళ్ళు, కొందరు గుమ్మం బయటినుంచే పంపేవాళ్ళు. సాయంత్రం నా అంగడికి వచ్చి, ఈ రోజు ఏది దొరికిందో చెప్పి పోయేవాడు. అంగడిలో ఆయన కోసమని ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాణ్ణి.

కొన్ని నెలలకు ఆయన కూతురు ఒక్కతే అంగడికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"అన్నా, పోయిన డిస్కు ఇంగా పనిచేస్తాండాదే."

నిజమే. డిస్కు పోయిందని చెప్పి, అదే డిస్కును తిరిగి బిగించి ఇచ్చాను. అబద్ధం ఆడటంలో కూడా నేను పనిమంతుణ్ణి కాను. తల వంచుకున్నాను.

"నాయనకు నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు. ఆయన ఊర్లు పట్టుకుని తిరుగుతాండాడు, నువ్వు చూస్తాండావు" అంది. ఇంకొక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

అయినా వెంటనే చెప్పలేదు. రేపు, ఎల్లుండి అని ఏడాది గడిపాను. చివరికి తనకల్లు దగ్గర ఒక ఇంట్లో తన పెద్ద డిజైన్ చీర ఉందని తెలిసి ఆయన బయలుదేరితే, తోడు వస్తానని నేనూ బస్సెక్కాను. ఆ దారిలో చెప్పేద్దామని. కదిరి దాటినా నోరు పెగలలేదు.

ఆ ఇంటావిడ మంచి మనిషే. మజ్జిగ ఇచ్చి చీర తెచ్చి పరిచింది. నీలం చీర, ఎర్ర అంచు, అంచు నిండా చిలకలు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి, కాగితం పరిచి గీయడం మొదలుపెట్టాడు. ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, ఎవురిదో డిజైన్ ఎత్తుకపోతాండారా?"

"ఇది నేను వేసిందేమ్మా. ఇదో, ఈ చిలక రెక్క కింద ఒక గడి వదిలినా. నేను వేసిన ప్రతిదాంట్లో ఒకటి వదుల్తా. అది నా గుర్తు."

ఆమె వంగి చూసింది. "అది నేతలో తప్పని చీర అమ్మిన అంగడాయప్ప అప్పుడే చెప్పినాడు" అంది.

ఆయన కాగితం మీద ఆ గడిని వదిలేసి, మిగతాది గీసుకున్నాడు. చెయ్యి వణికి గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. సగం అంచు కూడా కాకముందే ఆమె చీర మడిచేసింది.

తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాం. ఎండ మాడుతోంది. ఆయన చుట్టిన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంక ఆగలేక మొత్తం చెప్పేశాను. డిస్కు పోలేదని, నేనే తుడిచానని, ఊరంతా కట్టిన గోడ ఆయన ఇంట్లో మాత్రం కట్టలేదని, ఆ సంగతి మరిచిపోయి, గోడ ఉన్నట్టే చెయ్యి ఆడించానని.

ఆయన ముందు రోడ్డు వైపు చూస్తూనే అడిగాడు. "గోడ కట్టింటే మిగిలేటివా?"

"మిగిలేటివి పెద్దనాయనా."

"కాగితాలు చింపొద్దని నువ్వు అనింటే?"

"అవీ మిగిలేటివి."

ఒక లారీ పోయింది. దుమ్ము తగ్గేవరకూ ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"కరెంటు మింగినాదనుకున్న్యా" అన్నాడు. "కరెంటు మీద కోపం ఎన్ని దినాలుంటాదప్పా. ఒక నెల ఉన్న్యాది, పోయినాది. నెమ్మదిగా ఉంటి. ఇప్పుడు ఈ వయసులో నీ మీద కోపం పెట్టుకోవల్ల. సాయంత్రమైతే పోయి కూర్చునేకి నాకు ఉండేది నీ అంగడి ఒకటే."

 బస్సు వచ్చింది. ఎక్కగానే ఎడమ వైపు రెండు సీట్లు పక్కపక్కనే ఖాళీగా కనిపించాయి, ఆయన కూర్చుంటాడని నేను కిటికీ పక్కన చోటు వదిలి నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని ముందుకు పోయి, డ్రైవర్ వెనకాల సీట్లో కూర్చున్నాడు.